అక్కకు నేను పోసిన పసరు

కంబదూరు దగ్గర మా ఊళ్లో ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వచ్చేవాళ్లంతా కామెర్లతో కళ్లు పచ్చబడినవాళ్లే. మిగతా రోజుల్లో తలనూనెకూ, పసిపిల్లల కాటుకకూ వచ్చేవారు. అన్నిటికీ ఆకు ఒక్కటే, గుంటగలగర. చిన్న తెల్లపూలు పూసే ఆ మొక్కకు తడి కావాలి. మా దిక్కు తడి ఎక్కడుంది? కొళాయి కింద బురదలోనో, మేము చీనీ అనే బత్తాయిల తోటలో డ్రిప్పు పైపు కారేచోటో నాలుగు మొక్కలు మొలిస్తే గొప్ప. తోటవాళ్లు కలుపని పీకేస్తే అక్క ఊరుకునేది కాదు.

"ఏమప్పా, బంగారాన్ని పీకి గట్టున పారేసి చీనీకాయలకు కాపలా కాస్తాండారే!"

ఆకు నూరి, గుడ్డలో వేసి పిండేది. కామెర్లకు ఆ పసరును మేకపాలలో కలిపి మూడు ఆదివారాలు పోసేది. ఆ పసరులో గుడ్డపేలిక తడిపి, ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదంలో వెలిగించి, పైన బోర్లించిన రాగి పళ్లేనికి పట్టిన మసితో కాటుక చేసేది. నూనెలో కాస్తే తలకు. ధర్మవరంలో మగ్గాల ఇళ్ల నుంచి కూడా ఆ నూనె కోసం సీసాలు వచ్చేవి. అరవై దాటినా అక్క తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆమె అరచేతులు మాత్రం ఎప్పుడూ నల్లగా ఉండేవి.

నేను అనంతపురంలో ఒక పత్రికలో పనిచేసి రిటైరయ్యాను. తన మందు గురించి రాయమని అక్క చాలాసార్లు అడిగింది. ఒకసారి తెలిసిన డాక్టరును అడిగాను. కామెర్లు చాలామందికి విశ్రాంతితో వాటంతటవే తగ్గుతాయనీ, తగ్గనివాళ్లను మాత్రం వెంటనే చూపించాలనీ ఆయన చెప్పాడు. నేను రాయలేదు. ఎందుకు రాయలేదో అక్కకు చెప్పనూ లేదు.

కిందటి ఎండాకాలం అక్క ఫోన్ చేసింది. "ఆదివారం రారా. పనుండాది."

వెళ్లేసరికి గడపలో కూర్చుని ఉంది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. బావ పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. మందిచ్చే మనిషి తన మందు తన చేత్తో తీసుకోకూడదట. ఎవరైనా ఆకు కోసి, పిండి పోయాలి.

"ఆస్పత్రికి పోదాం పద," అన్నాను.

"మూడు ఆదివారాలు కానీ. పసరు కడుపులో ఉండంగా సూది పడితే మందు ఇరుగుతుంది. ఊరందరికీ చెప్పిందాన్ని నేనే సూదికి పోతే ఏమనుకుంటారు?"

"అనుకోనీలే."

"నీకేమప్పా, పేపరోడివి. పొద్దున నువ్వు రాసిందాంట్లో సాయంత్రం బజ్జీలు చుడతారు. నా మాట అట్ల కాదు."

ఇద్దరం నవ్వాం. కొళాయి దగ్గరికి వెళ్లి ఆకు కోసుకొచ్చాను.

"పేపరు మడిచినట్ల పిండుతావేమిరా? గట్టిగా పిండు!"

మేకపాలలో కలిపి ఇచ్చాను. గటగటా తాగేసింది. పత్రికలో రాయడానికి డాక్టరు మాట కావాలన్నవాణ్ణి, అక్కకు పోయడానికి ఏమీ అడగలేదు.

రెండో ఆదివారం వెళితే, అంత ఎండలో రెండు దుప్పట్లు కప్పుకుని ఉంది. కుడి డొక్క పట్టుకుని ఉంది. చేతులనిండా గోకిన గీతలు.

"చలా?"

"వాయువురా. పోయ్, పోయ్. ఇంకొక్క వారమే కదా."

డాక్టరు మాట గుర్తుకు వచ్చింది. అయినా ఆకు కోసుకొచ్చాను. మళ్లీ పోశాను.

శుక్రవారం పక్కింటివాళ్లు ఫోన్ చేశారు, పిలిస్తే సరిగా పలకడం లేదని. నేను వెళ్లి, వాళ్ల సాయంతో ఆటోలో ఎక్కించి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. పిత్తం దిగే గొట్టంలో రాయి అడ్డం పడిందనీ, చీము రక్తంలోకి ఎక్కిందనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. పదిరోజుల ముందు తెచ్చి ఉంటే రాయి తీసేవాళ్లమంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

సూది వేస్తూ నర్సు అక్క జడ చూసి, "ఈమె తలకు ఏం రాస్తుందన్నా?" అంది. మూసిన కళ్లు తెరవకుండా అక్కే జవాబిచ్చింది.

"నువ్వులనూనెలో ఆముదం రవ్వంత కలపల్ల పాపా. సన్న మంట మీద... చిటచిట ఆగేదాకా దించగూడదు. దించినాంక..."

అంతవరకే చెప్పింది. శనివారం మధ్యాహ్నం పోయింది.

ఆకు ఆమెను చంపలేదు. ఆకును నమ్ముకుని మేము రెండు వారాలు పోగొట్టాం.

దినకర్మలయ్యాక ఇల్లు సర్దుతున్నాను. ఆ ఆదివారం కొత్తచెరువు నుంచి ఒకామె మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతని కళ్లు పచ్చగా ఉన్నాయి.

"పసరు పోసే ఆమె యాడన్నా?"

"పోయిందమ్మా."

"అయ్యో! ఏమైంది?"

జ్వరమని చెబితే సరిపోయేది. "కామెర్లేనమ్మా," అన్నాను.

ఆమె నమ్మలేదు. "ఇంతమందికి పోసినామెకు కామెర్లా? ఆమెకు పసరు ఎవురు పోసినారు?"

"నేనే. తమ్ముణ్ణి."

నా చేతుల వైపు చూసింది. "అదే మరి. నీ చెయ్యి మంచిది కాదన్నా. ఆమె చెయ్యి పడింటే బతికుండేది."

కాదనాలనుకున్నాను. రాయి సంగతీ, చీము సంగతీ చెప్పాలనుకున్నాను. వాకిట్లో ఆమె మొగుడు నీరసంగా గోడకు ఆనుకున్నాడు. ఆమె ఇంకా నా చేతులే చూస్తోంది.

"నిజమేనమ్మా," అన్నాను. "నా చెయ్యి మంచిది కాదు. ఇప్పుడు ఈ ఊళ్లో మంచి చెయ్యి ఎవరిదీ లేదు. ఈ పొద్దే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపో."

ఆమె మొగుడి రెక్క పట్టుకుంది. "పా, బస్సు యేళకు పోదాం," అంటూ నడిపించుకుపోయింది.