తోక మీద చతికిలబడ్డ జెట్ విమానం

మూడు వారాలు కూర్చుని ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసిన పాతకాలపు జెట్ విమానం బొమ్మని ఈ సాయంత్రం చక్రాల మీద నిలబెడితే, ముక్కు ఆకాశానికెత్తి తోక మీద చతికిలబడింది. రేపు మా కొత్తపట్నం గ్రంథాలయంలో దాన్ని ముందు పెట్టుకుని విజ్ఞానం గురించి ఉపన్యాసం ఇవ్వాల్సింది నేను! డబ్బాలో వచ్చిన కాగితం తీసి చూస్తే, విమానం ఒంటి రెండు సగాలూ అతికించే ముందే ముక్కులో బరువు పెట్టమని ఉంది. కరపత్రం దొరికితే అచ్చేసిన ప్రెస్సు పేరు దాకా చదివే నేను దీన్ని మాత్రం చదవలేదు. ఒళ్లు మండి విసిరికొట్టబోయాను.

పక్కింటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పోలయ్య బాబాయి నవ్వాడు.

"ఒరేయ్, యుద్ధాలొద్దని గోడల మీద రాసేదీ నువ్వే, యుద్ధ విమానం చేసేదీ నువ్వేనా?"

"ఇది మనిషి తెలివి బాబాయ్! యుద్ధాలు పాలకులవి!" అని అరిచాను.

"సర్లేరా, ముందు దాని ముక్కు దించు. ఇంద."

వల అంచుకు కట్టే చిన్న సీసపు గుళ్లు నాలుగు చేతిలో పెట్టాడు. ఆ కాలపు జెట్‌కి గాలి పీల్చే నోరు ముక్కు చివరే ఉండటం నా అదృష్టం. జిగురు రాసి ఒక్కొక్కటే అందులోకి తోశాను. నాలుగోదానికి ముక్కు దిగి, విమానం మూడు చక్రాల మీద బుద్ధిగా నిలబడింది. నా కోపం ఎటుపోయిందో!

రేపు నువ్వూ రా బాబాయ్ అంటే, "నువ్వు గంటలోపు ఆపుతానంటే వస్తా" అన్నాడు.

ఆపగలనంటారా? నన్నెరిగినవాళ్లు చెప్పండి.