అట్టముక్క బెంచీ

మా బాబాయి ఉద్యోగం చేసినన్నాళ్లూ భవనాలే కట్టాడు. ఏ ఒక్కటీ మోకాలెత్తు దాటలేదు. ప్రపంచమంతా పేరున్న ఒక ఆర్కిటెక్టు దగ్గర అట్టతో, సన్నని చెక్కతో నమూనాలు చేయడం ఆయన పని.

ఆ ఆర్కిటెక్టును ఆఫీసులో పెద్దాయన అనేవారు. మొదట్లో బస్సు షెడ్లు గీసిన మనిషి. తర్వాత దేశదేశాల్లో మ్యూజియాలు, గ్రంథాలయాలు కట్టాడు. కాగితం మీద బొమ్మను ఆయన నమ్మడు. నమూనా చేయించి, దాని చుట్టూ దీపాన్ని సూర్యుడిలా తిప్పించి నీడలు చూస్తాడు. ఆ తర్వాత చిన్న పట్టకారు తీసి, ఒక్కో ముక్క చూపిస్తూ, "ఇది తీసేస్తే ఏమైనా కూలుతుందా?" అంటాడు. కూలదంటే పీకేస్తాడు. పూలకుండీలు, బెంచీలు, చివరికి అట్ట మనుషులు కూడా అలాగే పోయారు. మనుషుల్ని పీకేసి భవనం బాగుందనడం ఏం తెలివో నాకు అర్థం కాదు గానీ, బహుమతులు మాత్రం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి.

మా పిన్నికి మోకాళ్ల నొప్పులు. ఒకసారి పెద్దాయన కట్టిన మ్యూజియం చూడ్డానికి వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడి నిలబడి ఇంటికొచ్చింది.

"మీ సారు భవనంలో కూర్చోవాలంటే పక్కవాళ్ల ఒళ్లో కూర్చోవాలి" అంది.

బాబాయి నవ్వేశాడు.

ఆ చలికాలమే పిన్ని పోయింది. పెద్దాయన అప్పుడు వేరే దేశంలో బహుమతి అందుకుంటున్నాడు. తిరిగొచ్చాక ఆయనకు ఎవరూ చెప్పలేదు, బాబాయీ చెప్పలేదు. బాబాయికి పిల్లల్లేరు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక సెలవు రోజుల్లో కూడా ఆఫీసుకే పోయేవాడు.

అప్పుడు చేస్తున్నది ఒక రైల్వే స్టేషన్ నమూనా. పెద్ద హాల్లో, ఎండ పడే కిటికీ కింద, ఎవరూ చెప్పకుండానే ఒక బెంచీ అతికించాడు. ఇద్దరు పట్టేంత.

పెద్దాయన పట్టకారు దాని దగ్గర ఆగింది.

"ఇదెవరు పెట్టమన్నారు?"

"మా ఆవిడండి. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు."

పెద్దాయన దీపం తిప్పించి ఆ బెంచీ నీడ చూశాడు. "సరే, ఆవిడ కోసం ఉంచు. కట్టాక తీసుకొచ్చి కూర్చోబెట్టు."

ఆవిడ లేదని చెబితే మరుక్షణం పట్టకారు కదులుతుందని బాబాయి భయం. "అలాగేనండి" అన్నాడు. ఆ తర్వాత కట్టడం పూర్తయ్యేదాకా, పెద్దాయన ఎదురుపడి "మీ ఆవిడ ఎలా ఉన్నారు?" అన్నప్పుడల్లా "బాగానే ఉందండి" అంటూ వచ్చాడు.

"ఆఫీసులో మీ పిన్ని బతికే ఉందిరా. ఇంటికొచ్చి తాళం తీస్తేనే ఉండదు" అని నా దగ్గర ఏడ్చాడు.

స్టేషన్ తెరిచిన రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. నమూనాలో ఎక్కడుందో అక్కడే ఉంది బెంచీ. బాబాయి ఒక చివర కూర్చున్నాడు. పక్కన నేను కూర్చోబోతే, "నీ మోకాళ్లకేం వచ్చింది, నిలబడు" అన్నాడు.

ఉపన్యాసాలు, చప్పట్లు అయ్యాక పెద్దాయన మెల్లగా మావైపు వచ్చాడు. ఆయనా ముసలివాడయ్యాడు.

"ఏరీ, మీ ఆవిడ రాలేదా?"

"వస్తోందండి. నడక నెమ్మది కదా."

పెద్దాయన మోకాలు పట్టుకుని, ఉస్సురంటూ ఆ ఖాళీలో కూర్చున్నాడు. తన భవనంలో ఆయన కూర్చున్నాడని నేనెప్పుడూ వినలేదు.

"ఆవిడ రాగానే లేస్తాలే" అన్నాడు తలుపు వైపు చూస్తూ.

బాబాయి కూడా తలుపు వైపే చూశాడు.