అప్ప చూసిన చేతులు

కాశీ, గయ యాత్రకు వెళ్దామా అని నేను అడిగితే మా అప్ప, అంటే మా అక్క, ఒక్క మాటకే ఒప్పుకుంది. నాకు ఆశ్చర్యమేసింది. కోటబొమ్మాళి దాటి ఎక్కడికి రమ్మన్నా వచ్చేది కాదు. విజయనగరంలో మా ఇంటికి వచ్చినా పూటుండి సాయంత్రం బండికి వెళ్ళిపోయేది. "ఇల్లు అలగ ఒగ్గీసి ఎన్నాళ్ళుంటానే? ఎవులైనా వస్తే?" అనేది. ఆ వచ్చేదెవరో మా అందరికీ తెలుసు. పైకి అనేవాళ్ళం కాదు.

మా బావ ఇల్లు వదిలి ఇరవై ఏళ్ళు కావస్తోంది. రైసుమిల్లులో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వాళ్ళకు లేకలేక ఒక ఆడపిల్ల పుట్టింది. బడిలో చేరిన ఏడాదే వానాకాలంలో జ్వరం వచ్చి, శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చేలోపే దారిలో పోయింది. అప్ప నేలమీద పడి దొర్లి ఏడ్చింది. బావ ఏడవలేదు. పిల్ల చెప్పులు పక్కన పెట్టుకొని అరుగుమీద కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే తల ఊపేవాడు. మిల్లుకు వెళ్ళడం మానేశాడు. కోతలు అయ్యాక ఒకరోజు పొద్దున్న చద్దన్నం తిని, ఆమదాలవలసలో పనుందని చెప్పి బయల్దేరాడు. మళ్ళీ రాలేదు.

బావ తమ్ముడు, అంటే అప్ప మరిది, విశాఖపట్నం, పూరీ, కటకం అన్నీ తిరిగాడు. పోలీసులకు చెప్పారు. కొన్నాళ్ళకు, మా వైపు వాళ్ళెవరో కాశీ వెళ్ళివచ్చి, గంగ ఒడ్డున కాషాయం కట్టుకున్న మనిషిని చూశామని, అచ్చం బావలాగే ఉన్నాడని అన్నారు. పిలిస్తే వెనక్కి తిరక్కుండా జనంలో కలిసిపోయాడట. మరిది కాశీకి కూడా వెళ్ళి వచ్చాడు. ఏమీ దొరకలేదు.

పన్నెండేళ్ళు దాటాక కర్మ చేసేయవచ్చని పెద్దలు చెప్పారు. అందరికంటే మరిదే ఎక్కువ పట్టుబట్టాడు. "ఒదినా, అన్న ఆత్మ అల్లాడిపోతాది. సెయ్యవలసింది మనం సేసెయ్యాల" అనేవాడు. "మీ అన్న సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు?" అని అడిగి అప్ప లోపలికి వెళ్ళిపోయేది. రోజూ బొట్టు పెట్టుకునేది. కాళ్ళకు పసుపు రాసుకునేది. వీధిలో వాళ్ళు మాత్రం పేరంటాలకు ఆమెను పిలవడం మానేశారు. వాళ్ళకేమీ చెడ్డ మనసు లేదు. పిలవాలో వద్దో తెలియక మానేశారు.

ఆ యాత్ర నడిపే గైడు నరసన్నపేట వైపు ఆయన. మెడలో చిన్న మైకు వేసుకొని, గొడుగు కర్రకు కాషాయం గుడ్డ కట్టి ముందు నడిచేవాడు. "గొడుగు సూసుకోండమ్మా, గొడుగు ఎనకాలే రండి" అంటూ ఊరుగాని ఊళ్ళో మమ్మల్ని గుంపు చెదరకుండా తిప్పేవాడు. వంటవాళ్ళు కూడా వెంట ఉండేవారు కనుక ప్రయాగలో దిగినా పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం పప్పుచారు దొరికేవి. మా బృందంలో ఎక్కువమంది రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు, కొంతమంది ఆమదాలవలస వ్యాపారస్తులు. రైల్లో అందరూ పాటలు పాడుకుంటుంటే అప్ప కిటికీ దగ్గర కూర్చుని దాటిపోయే ప్రతి స్టేషన్నీ చూసేది.

ప్రయాగలో దిగగానే అప్ప అరటిపళ్ళు కొంది. త్రివేణి దగ్గర వరసగా కూర్చున్న సాధువులకు ఒక్కొక్కరికీ ఒక్కో పండు ఇస్తూ నడిచింది. నేను సంతోషించాను. ఇన్నాళ్ళకు మనసు దేవుడి మీదికి మళ్ళింది కదా అనుకున్నాను. అయోధ్యలోనూ అంతే. గుడి ముందు మా వాళ్ళంతా దర్శనం వరసలో నిలబడితే, ఆమె సంచీ పుచ్చుకొని అటూ ఇటూ తిరుగుతూ పళ్ళు పంచింది. గైడు విసుక్కున్నాడు కూడా. "అమ్మా, మీరు దర్శనానికొచ్చినారా, దానానికొచ్చినారా?"

కాశీలో మొదటిరోజు నాకు విషయం అర్థమైంది. గడ్డాలు నాభి దాకా పెంచుకున్నవాళ్ళు, ఒంటినిండా బూడిద పూసుకున్నవాళ్ళు మెట్లమీద కూర్చుని ఉన్నారు. అప్ప వాళ్ళ ముఖాలు చూడడం లేదు. పండు చేతికి అందకుండా కాస్త దూరంగా పట్టుకుంటోంది. అవతలి మనిషి కుడిచెయ్యి పూర్తిగా చాచాక ఆ చేతిని చూసి, పండు పెట్టి, పక్క మనిషి దగ్గరికి వెళుతోంది. ఒకాయన ఎడమచెయ్యి చాస్తే, కుడిచెయ్యి చాచమని సైగ చేసింది.

బావ కుడిచేతి బొటనవేలు సగమే ఉండేది. పెళ్ళయిన కొత్తలో మిల్లు బెల్టులో పడి తెగిపోయింది.

"అప్పా, బావ కోసమేనా?" అని అడిగాను.

"మరేటి? ముకం మారిపోతాది. గెడ్డం వస్తాది, బక్కసిక్కిపోతాడు, నాను పోల్సుకోలేకపోతాను. సెయ్యి మారదు కదే" అంది.

ఆమె చేతిలోంచి సంచీ తీసుకుని నేను మోశాను. ఆ రోజంతా ఆమె వెనకే నడిచాను. ఒక్కొక్క చెయ్యి ముందుకు వస్తుంటే నేనూ ముందు బొటనవేలే చూసేదాన్ని. వేళ్ళు అన్నీ ఉన్న చేతులు. కుష్ఠుతో ముడుచుకుపోయిన చేతులు. ఒక ముసలాయన పండు తీసుకొని అప్ప తలమీద చెయ్యి పెట్టి ఏదో దీవించాడు. ఆయన చెయ్యి తలమీద ఉన్నంతసేపూ అప్ప కళ్ళు మూసుకుని నిలబడింది.

రెండోరోజు పొద్దున్న కేదారఘాటు దగ్గర స్నానాలయ్యాక మా వాళ్ళంతా తడిబట్టలు పిండుకుంటున్నారు. అప్ప పండు ఇవ్వబోతే, మెట్లమీద కూర్చున్న ఒక సాధువు తల ఎత్తి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. మా మాటే. మా యాసే. అప్ప చేతిలో పండు అలాగే ఉండిపోయింది. ఆయన చెయ్యి చాచాడు. ఐదు వేళ్ళూ ఉన్నాయి.

అప్ప పండు ఆ చేతిలో పెట్టి మెట్టుమీద కూలబడింది. నేను కోటబొమ్మాళి అని చెప్పాను. తనది బొబ్బిలి దగ్గరని చెప్పాడాయన. అరవై దాటి ఉంటాయి. కాషాయం వెలిసిపోయి మట్టిరంగుకు తిరిగింది. చాలాకాలానికి తెలుగు మాట్లాడుతున్నాడేమో, ప్రతి మాటకూ ముందు కాస్త ఆగుతున్నాడు. మా వైపు వానలు పడ్డాయా అని అడిగాడు. ఊడుపులు అయ్యాయా అని అడిగాడు.

అప్ప అవేమీ వినలేదు. "నీకు పెళ్ళాం ఉన్నాదా?" అని అడిగింది.

ఆయన, "ఉండేది" అన్నాడు.

"సెప్పే వచ్చినావా?"

"నేదు."

"తరవాతైనా ఒక కబురెట్టినావా? బతికున్నానని?"

"ఈ గుడ్డ కట్టినప్పుడు నా పిండం నానే పెట్టీసుకున్నానమ్మా. ఇంటికి నాను సచ్చిపోయినట్టే. సచ్చిపోయినోడు కబురెట్టడు కదా."

అప్ప గొంతు పెంచలేదు. పక్కింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "నీ పిండం నువ్వు పెట్టీసుకున్నావు. బాగుంది. నువ్వు సచ్చిపోనావని నీ పెళ్ళానికి ఎవులు సెప్పాల? అది పొద్దున్నే లేచి బొట్టెట్టుకోవాలా, మానేయాలా? అది నీకు తోచనేదా?"

ఆయన పండు రెండు చేతులతోనూ పట్టుకుని గంగ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన గడ్డంలోకి నీళ్ళు దిగడం చూశాను.

"మీ ఊరి పేరు సెప్పు. ఆవిడి పేరు సెప్పు. నాను తిరిగెల్లగానే బొబ్బిలొచ్చి కబురు సెప్తాను. నువ్వొస్తావనీ అనను, ఆవిడ్ని రమ్మనీ అనను. ఉన్నావని సెప్తాను, అంతే" అంది అప్ప.

ఆయన లేచాడు. "వొద్దు తల్లీ" అన్నాడు. అప్పకు దండం పెట్టి, మెట్లెక్కి సందులోకి వెళ్ళిపోయాడు. అప్ప ఆయన్ను పిలవలేదు. సంచీలో మిగిలిన పళ్ళన్నీ పడవవాళ్ళకు ఇచ్చేసింది. కాశీలో ఉన్న ఆ మిగతా సమయంలో ఏ సాధువు దగ్గరికీ వెళ్ళలేదు. విశ్వనాథుడి దర్శనానికి గొడుగు వెనకాలే నడిచింది. గర్భగుడిలో జనం తోస్తుంటే నా భుజం పట్టుకుని నిలబడింది.

గయకు బస్సులో వెళ్ళాం. దారిలో గైడు మైకులో గయ మాహాత్మ్యం చెప్పాడు. గయలో ఎవరికైనా పిండం పెట్టవచ్చని, అమ్మానాన్నలకే కాదు, చుట్టాలకు, స్నేహితులకు, ఇంట్లో పెరిగిన గొడ్డుకూ గోదకూ కూడా పెట్టవచ్చని చెప్పాడు. కనబడకుండా పోయి పన్నెండేళ్ళు దాటినవాళ్ళకూ పెట్టవచ్చని చెబుతూ, మా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. మా బావ సంగతి ఎవరో ఆయనకు చెప్పి ఉంటారు. అక్కడ ఒక పండు, ఒక కూర విడిచిపెట్టి రావాలని, ఈ జన్మలో మళ్ళీ ముట్టకూడదని కూడా చెప్పాడు. ఏం విడిచిపెట్టాలన్న దానిమీద బస్సులో పెద్ద చర్చ జరిగింది. ఎక్కువమంది కాకరకాయ దగ్గర తేలారు. ఒకావిడ "సీతాఫలం ఒగ్గీస్తాను, ఎలాగూ నాకు పడదు" అంటే అందరూ నవ్వారు. అప్ప కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి, గండం గడిచిందనుకున్నాను.

ఫల్గుణీ నదిలో ఇప్పుడు అడ్డుకట్ట కట్టి నీళ్ళు నిలబెట్టారు. ఒడ్డున పందిరి కింద మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు. తెలుగు వచ్చిన పంతులు ఒకాయన మంత్రాలు చెప్పి, ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి పేర్లు అడిగి చెప్పిస్తున్నాడు. నేను మా నాన్నకు, అమ్మకు పెట్టాను. పక్కనే అప్ప కూర్చుంది. నాన్న పేరు చెప్పింది. అమ్మ పేరు చెప్పింది. అత్తమామల పేర్లు చెప్పింది. ఆ తర్వాత, "ఒక సిన్నపిల్ల ఉన్నాది బాబూ, దానికి పెట్టాల" అంది.

"పసిపిల్లలకు అక్కర్లేదమ్మా" అన్నాడు పంతులు.

"అక్కర్లేకపోయినా పెట్టించు."

ఆయన పెట్టించాడు. అప్ప కూతురి పేరు పలకడం ఇన్నేళ్ళలో నేను వినడం అదే మొదటిసారి. ఆ ఒక్క ముద్దను ఆమె మిగతావాటికంటే జాగ్రత్తగా, గుండ్రంగా చేసింది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు పంతులు.

అప్ప పళ్ళెంలో మిగిలిన పిండి అంతా దగ్గరికి తీసింది. బావ గోత్రం చెప్పింది. పేరు చెప్పింది. పంతులు ఆమె నుదుట బొట్టు చూసి ఆగాడు. "ఏమవుతారమ్మా?"

"నా పెనివిటి."

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "అప్పా, బతికే ఉంటే?"

"ఉంటే ఉండనీ. సల్లగా ఉండనీ. నా గుంట అక్కడ ఒక్కర్తీ ఉన్నాదే. దానికి సీకటంటే బయ్యం. ఈ మనిషి ఇక్కడా నేడు, అక్కడా నేడంటే ఎలగ? దానికాడికి పంపీస్తన్నాను" అంది.

ముద్ద తీసుకెళ్ళి కూతురికి పెట్టిన ముద్ద పక్కనే ఆనించి పెట్టింది. నీళ్ళు వదిలింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. పంతులు మరో మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు.

సత్రానికి వచ్చాక తడి తువ్వాలుతో నుదురు తుడుచుకుంది. మెట్టెలు తీసి కొంగున ముడివేసుకుంది. గాజులు పగలగొట్టడానికి బృందంలో ఒక పెద్దావిడ వస్తే, "వొద్దమ్మా, నానే తీసుకుంటాను" అని, సబ్బు నురగ పెట్టుకుని ఒక్కొక్కటీ జాగ్రత్తగా జార్చింది. ఆ గదిలో మేము చాలామందిమి ఉన్నాం. ఎవరి తడిబట్టలు వాళ్ళం ఆరేసుకుంటూ ఉండిపోయాం.

తిరుగు రైల్లో అప్ప ఎక్కువగా నిద్రపోయింది. మెలకువగా ఉన్నప్పుడు మామూలు మాటలే మాట్లాడింది. ఆమదాలవలసలో దిగేసరికి ఎండ మండిపోతోంది. సామాను అందుకోవడానికి మరిది వచ్చాడు. నేను ఫోనులో ఏమీ చెప్పలేదు. రైలు పెట్టె ముందు నిలబడి సంచులు అందుకుంటున్నవాడు, చివర్లో దిగిన అప్ప ముఖం చూశాడు. చేతిలో సంచీ జారిపోయింది.

"ఒదినా, ఏటి సేసీసినావు?"

"నువ్వు సెప్పిందే సేసినాను బాబూ. గయలో అయిపోనాది."

అన్నేళ్ళుగా కర్మ చేసేయమని పోరుపెట్టిన మనిషి ప్లాట్‌ఫారం మీద చతికిలబడిపోయాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. దిగిన జనమంతా తప్పుకుంటూ వెళుతున్నారు.

"నాను అనీవోడినే గానీ ఒదినా, నువ్వు ఒప్పుకోనన్నాళ్ళూ అన్న ఎక్కడో ఉన్నాడనే అనుకునీవోడిని. నీ బొట్టు సూసి ధైర్యంగా ఉండీవోడిని. ఇప్పుడు మా అన్న నేడు" అన్నాడు.

అప్ప మరిది పక్కన కిందే కూర్చుంది. వాడి తల ఒళ్ళోకి తీసుకుని, పాప పోయిన రోజు తర్వాత మళ్ళీ ఆ రోజే, గొంతెత్తి ఏడ్చింది. నేను సంచులు ఒకచోట చేర్చి వాళ్ళకు ఎండ తగలకుండా నిలబడ్డాను. పలాస వైపు వెళ్ళే బండి ఒకటి వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. వాళ్ళు లేవలేదు. నేనూ లేవమనలేదు.