'నూ' అనే అక్షరం కోసం పులివెందులకు

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో, మా ప్రొద్దుటూరులో పిల్లలకు తాతల పేర్లూ దేవుళ్ళ పేర్లూ పెట్టడం మెల్లగా మానేసి, అమ్మ పేరులో ఒక ముక్క, నాన్న పేరులో ఒక ముక్క అతికించి కొత్త పేర్లు తయారుచేయడం మొదలైంది. నేనప్పుడే తెలుగు ఎం.ఏ. ముగించి ఒక ప్రైవేటు బడిలో చేరాను. వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా "అర్థం చెప్పు అయ్యవారూ" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. (వచ్చేసరికే పేరు ఖాయమై ఉండేది. నేను అతికించవలసింది అర్థం ఒక్కటే.) నేను నిఘంటువు తిప్పుతుంటే వాళ్ళు మొహమాటంగా ఫోన్ చూపించేవాళ్ళు. అందులో ఏ పేరు కొట్టినా 'వెలుగు' అనో 'లక్ష్మీదేవి' అనో వచ్చేది. ఇంతమంది వెలుగులు పుట్టాక కూడా కరెంటు పోతే మా వీధి ఎందుకంత చీకటిగా ఉంటుందో నాకు అంతుపట్టేది కాదు. క్రమంగా, కొత్త పేరు చెవిన పడితే చాలు, వీళ్ళేదో దాస్తున్నారనే అనుమానం నాకు జబ్బులా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మా అక్క కాన్పుకు పుట్టింటికొచ్చి ఆడపిల్లను కన్నది. అక్క అత్తగారిల్లు జమ్మలమడుగు. బావకు పులివెందులలో డ్రిప్పు పైపుల అంగడి. చీనీ, అంటే బత్తాయి, తోటల రైతులతో పని కాబట్టి వారంలో సగం రోజులు అక్కడే గది తీసుకుని ఉండేవాడు. మాటలు తక్కువ మనిషి. వచ్చాడు, బిడ్డను ఎత్తుకున్నాడు, కాఫీ తాగాడు, 'ప్రనూషిత' అని పెడదామన్నాడు. 'ప్ర' తన పేరులోది, 'షిత' అక్క పేరులోది, అంతవరకూ అందరికీ తెలిసింది. మధ్యలో ఆ 'నూ' ఎవరిదని మా అమ్మ అడిగింది. "ఊరికే, బాగుంటాదని" అంటూ బావ చెప్పులు వేసుకున్నాడు.

ఊరికే అన్న మాటను మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అమ్మ రెండు వైపుల చుట్టాలనూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ వచ్చింది. 'నూ'తో మొదలయ్యే ఆడమనిషి ఒక్కరూ తేలలేదు. అప్పుడు అక్క నన్ను అర్థం చెప్పమంది. నేను ఊరుకోవలసింది. (ఊరుకునేవాణ్ణయితే ఎం.ఏ. ఎందుకు చదువుతాను?) ప్రనూషిత అనే మాట లేదనీ, దగ్గరిది ప్రోషిత అనీ, అంటే దూరంగా వెళ్ళినది అనీ, కావ్యాల్లో ప్రోషితభర్తృక అని ఒక నాయిక ఉంటుందనీ, మొగుడు వేరే ఊళ్ళో ఉంటే ఆమె ఇంట్లో కుమిలిపోతుందనీ పాఠం చెప్పినట్టు చెప్పాను. అక్క ముఖం మారిపోయింది.

"వేరే ఊర్లో ఉండే ఆ మొగుడు ఆడేం చేస్తాంటాడంట?" అని అడిగింది.

కావ్యాల్లో దాని గురించి పెద్దగా ఉండదు. ఆ మాటే చెప్పాను. దాన్నే అక్క జవాబుగా తీసుకుంది. ఆ అక్షరం ఎవరిదో తేలేదాకా జమ్మలమడుగు గడప తొక్కనని చెప్పేసి, బావ ఫోన్ చేస్తే ఎత్తడం మానేసింది. మా అక్క ఏడ్చే రకం కాదు, అదే మాకు భయం. నాన్న దినపత్రిక వెనక దాక్కున్నాడు. "నువ్వే పోయి చూసి రారా" అని అమ్మ నన్ను బస్సెక్కించింది.

ఏదో పుస్తకం కోసం వచ్చానని అబద్ధమాడి బావ అంగడిలో కూర్చున్నాను. చీనీకాయ రసం తెప్పించి ఇచ్చాడు. అది తాగుతూ కూడా, బామ్మర్దికి ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నాడా అని అనుమానపడ్డాను. ఇంతలో ఫోన్ మోగింది. బావ లేచి పైపుల చుట్టల వెనక్కి పోయాడు. గొంతు తగ్గించాడు గానీ నా చెవులు ఆ రోజు మహా చురుగ్గా ఉన్నాయి.

"ఎవరేమన్నా సరే, నీ పేరు పెట్టే తీరతా. నువ్వు కండ్లనీళ్ళు పెట్టుకోవాకు" అంటున్నాడు.

నేను గ్లాసు కింద పెట్టేశాను. కాసేపటికి బావ సంచిలో కాయలూ, ఒక కొత్త చీర పొట్లమూ పెట్టుకుని, పనుంది ఇప్పుడే వస్తానని బయల్దేరాడు. నేను వెంటపడ్డాను. రెండు వీధులు దాటి, ఆకుపచ్చ పరదా వేలాడుతున్న ఒక ఇంట్లోకి, పిలవకుండానే, తల వంచుకుని వెళ్ళిపోయాడు. పిలవకుండా పోయేంత చనువన్నమాట. ఎదురుగా చెరకు రసం బండి చాటున నిలబడ్డాను. లోపల ఆడగొంతు నవ్వు వినిపించింది. ఈ సంగతి అక్కకు ఏ మాటలతో చెప్పాలా అని వాక్యాలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. (మంచి వాక్యాలే కుదిరాయి, ఇప్పటికీ గుర్తున్నాయి.) బావ బయటికొచ్చి మలుపు తిరగగానే వీధి దాటి, లోపలెవరని గట్టిగా అడిగాను.

పరదా తొలగించుకుని నడుము వంగిన ముసలామె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. కొత్త చీర ఇంకా చేతిలోనే ఉంది. "ఎవరప్పా నువ్వు?" అంది. ఫలానా ఆయన బామ్మర్దినని గొణిగాను. అంతే, చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయి మంచంమీద కూర్చోబెట్టింది. వీధంతా నూరమ్మ అని పిలిచే ఆమె పేరు నూర్‌బీ. మొగుడు దర్జీ, పోయి చాలా కాలమైంది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. బావవాళ్ళు ఒకప్పుడు ఆ పక్కింట్లో బాడుగకు ఉండేవాళ్ళట. బావను కన్నాక వాళ్ళమ్మకు జబ్బుచేసి కడప ఆసుపత్రిలో పడుంటే, అప్పటికే చంటిబిడ్డ తల్లి అయిన నూరమ్మ ఇద్దరికీ పాలిచ్చి సాకిందట.

"నా పేరు కలిపి బిడ్డకు పెడతానంటాండాడు. వద్దంటే ఇనడు. మీ ఇండ్లల్లో ఏమనుకుంటారో, వాళ్ళమ్మ ఏమనుకుంటాదో. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్యా. నువ్వన్నా మాన్పించు నాయనా" అంది.

నేను తెచ్చుకున్న గట్టి ప్రశ్నలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. అలవాటుకొద్దీ, నూర్ అంటే అర్థమేమిటని అడిగాను. "ఎలుగంట. మసీదు హజరత్ చెప్పినాడు" అంది. అన్ని పేర్లలోకీ ఈ ఒక్కదానికి నేను నిఘంటువు తియ్యలేదు.

రాత్రికి ఇల్లు చేరి అంతా చెప్పాను. అక్క చాలాసేపు బిడ్డ కాళ్ళు నిమురుతూ కూర్చుంది. కోపం పోయిందనుకున్నాను, కాదు, వేరే దారి పట్టింది. "పాలిచ్చి బతికించిన మనిషికి ఒక్క అక్షరమా? అదీ నడిమధ్యలో ఇరికించి, నాక్కూడా చెప్పకుండానా?" అని, ఆమె వచ్చి పిలిస్తేనే బిడ్డకు పేరు, లేకపోతే ఏ పేరూ లేదని బావకు తానే ఫోన్ చేసి చెప్పింది.

నామకరణం రోజు నూరమ్మ ఆ కొత్త చీర కట్టుకుని బావ వెనక దాక్కున్నట్టుగా వచ్చింది. అక్క అత్తగారు అప్పటికే చాపమీద కూర్చుని ఉన్నారు. ఆవిడ నూరమ్మను ఎగాదిగా చూసి, కొంచెం జరిగి, "ఎన్నాళ్ళైందే నిన్ను చూసి. రా, ఈడ కూచో" అన్నారు. తర్వాత కొడుకువైపు తిరిగి, "నేనేమనుకుంటానని దాచినావురా? నువ్వు బతికిందే ఆమెవల్ల" అని మందలించారు. బావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నూరమ్మ బిడ్డ చెవి దగ్గర వంగి "ప్రనూ..." దాకా పిలిచి, "తర్వాతదేందప్పా?" అని నావైపు చూసింది. ఆ రోజు ఈ పండితుడు అందించగలిగింది 'షిత' అనే రెండు అక్షరాలే.

ఆ పిల్ల ఇప్పుడు జడలు వేసుకుని బడికి పోతోంది. ఈ మధ్య టీచరు తరగతిలో అందరి పేర్లకూ అర్థాలు చెప్పమన్నారట. మిగతా పిల్లలు కిరణాలూ సిరులూ అని చెబుతుంటే, ఇది లేచి "నా పేరుకు మా అమ్మ, మా నాయన, మా పులివెందుల జేజి అని అర్థం" అని చెప్పి కూర్చుందట. (జేజి అంటే మా వైపు నాయనమ్మ.) అక్క ఫోన్‌లో ఈ మాట చెబుతుంటే, సొంత బావను దొంగను చేసి ఎండలో మంచి మంచి వాక్యాలు కూర్చుకున్న ఆ ఇరవై మూడేళ్ళ ఎం.ఏ. గుర్తొచ్చాడు. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. చంకలో అంత లావు నిఘంటువుతో ఎంత ధీమాగా తిరిగేవాడో పాపం అనుకుని, నాలో నేనే నవ్వుకున్నాను.