చుక్కలు చూసిన సూరమ్మక్క

ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చో పాపా, సరిగ్గా విను. పొద్దున సముద్రం ఒడ్డున ఆ చిన్న మ్యూజియంలో మీరంతా ముత్యాల వేట పడవ, చమురు బావి యంత్రాలు చూస్తూ ముందుకు వెళ్ళిపోయారు. నేను ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయాను. లోపల పాతకాలపు కూలీ కాగితం. నిండా అరబ్బీ, అడుగున ఊదారంగు వేలిముద్ర. చూడగానే స్టాంపు ప్యాడు వాసన ముక్కుకు తగిలినట్టయింది. ఇందులో ఏముందో ఆ మనిషికి ఎవరైనా చదివి చెప్పారా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం నాకు సూరమ్మక్క అంటించింది.

మీ అమ్మకు మూడేళ్ళప్పుడు, తనను ఊళ్ళో మా అమ్మ దగ్గర వదిలి, కడప నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి అల్ సద్‌లో ఒక ఇంట్లో పనికి చేరాను. అక్కడ వంటమనిషి సూరమ్మక్క. నరసాపురం వైపు ఊరు. పాలు వాసన చూడనిదే పొయ్యి మీద పెట్టేది కాదు. చదువు మా ఇద్దరికీ రాదు.

రెండేళ్ళు నిండాక, నన్ను పనిలో పెట్టిన ఆఫీసు మనిషి ఒక కాగితం తెచ్చాడు. "ఛుట్టీ కాగితం. వేలు వెయ్యి, యల్లా!" అని తొందరపెట్టాడు. బిడ్డను చూడబోతున్నానన్న సంబరంలో వేలు ప్యాడుకు అద్దేశాను. సూరమ్మక్క నా చెయ్యి వెనక్కి లాగింది.

"ఆగవే పిల్లా. నా కాగితం తెస్తానుండు."

తను అంతకుముందు ఏడు సెలవుకు వెళ్ళినప్పటి కాగితం తెచ్చి పక్కన పెట్టింది.

"నీకు అరబ్బీ వచ్చునా అక్కా?" అన్నాను చిరాగ్గా.

"ముగ్గులొచ్చు కదేంటి! ఛుట్టీ అన్న మాట ఇదిగో. కింద ఒక చుక్క, పైన ఒకటి, చివర జంట చుక్కలు. నీ దాంట్లో ఏదీ, చూపించు?"

నాకు ఆమె మీదే అనుమానం వచ్చింది. నేను పోతే ఇంటి చాకిరీ అంతా తన మీద పడుతుందని అడ్డుపడుతోందేమో!

"నేను పోయేది నీకు ఇష్టం లేదులే అక్కా."

"అలాగే అనుకో. వేలు తుడుచుకో ముందు."

కాగితం పట్టుకుని వీధి చివరి మలయాళీ కొట్టుకు నడిచింది. ఆఫీసు మనిషి "మాఫీ, మాఫీ", అదేం లేదు అంటూ వెంటపడ్డాడు. కొట్టతను చదివి తల ఎత్తాడు. సెలవు మాటే లేదట. ఇంకో రెండేళ్ళు ఇక్కడే పని చేస్తానని ఉందట.

తర్వాత వచ్చిన అసలు సెలవు కాగితంలో ఆ చుక్కలు నేనే వెతుక్కుని వేలు వేశాను. ఇంటికి పోతే మీ అమ్మ నన్ను గుర్తుపట్టక తలుపు చాటుకు పారిపోయింది. ఇంకో రెండేళ్ళయి ఉంటే? తిరిగొచ్చాక సూరమ్మక్కను క్షమించమన్నాను. "నన్నే అనుమానించావంటే బాగుపడ్డావన్నమాటే" అని నవ్వేసింది.

అప్పటినుంచి చదివించుకోనిదే ఏ కాగితాన్నీ ఒప్పుకోను. నువ్వూ ఇందాకటినుంచి ఆ పుస్తకంలో గబగబా ఏదో రాస్తున్నావు, నా మాటలేనా? ఏదీ, మొదటినుంచి చదువు. సూరమ్మక్క పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు.

"మ్మా, అన్నం చల్లారిపోతాంది, రా!"

వస్తున్నానే! మీ అమ్మ పిలుస్తోంది పాపా, ఆ పుస్తకం ఇలా ఇచ్చి పో, ముందు నేను ఆ పేరు చూసుకుని…