మావయ్య అరణమిచ్చిన పడ్డ

మావయ్య పోయాడని కంకిపాడు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పాలు పితుకుతున్నాను. చెంబు అక్కడే వదిలేసి ఉయ్యూరు నుంచి బయల్దేరాను. దారి పొడవునా ఏడ్చాను. ఆ ఏడుపు నిజం. ఇప్పుడు కోపంతో రాస్తున్నాను, ఇదీ నిజమే.

మా అమ్మకు తమ్ముడాయన. గేదె ఎదకొచ్చిందని అరుపును బట్టి పోల్చుకోవడం నాకు నేర్పింది ఆయనే. పొదుగు కడిగే నీళ్లు గోరువెచ్చగా లేకపోతే పితకనిచ్చేవాడు కాదు. "నీ మొహాన చన్నీళ్లు కొడితే నువ్వూరుకుంటావా?" అనేవాడు. ఆయన ముర్రా దున్నకు చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద పేరు. రోజూ దాని కొమ్ములకు నూనె రాసేవాడు. తన జుట్టుకు కూడా అంత నూనె పెట్టుకున్న మనిషి కాదు.

నన్ను వాళ్లబ్బాయికి చేసుకోమని అమ్మ అడిగితే ఆయనే వద్దన్నాడు. "దగ్గర రక్తం అక్కా. పిల్లలకి మంచిది కాదంటున్నారు." ఎంత తెలిసినవాడో అని మురిసిపోయాం. నా పెళ్లికి ఆ దున్నకు పుట్టిన పడ్డను, ఇంకా చూడి కట్టని పిల్లగేదెను, అరణంగా ఇచ్చాడు. అది ఎదకొచ్చినప్పుడల్లా ట్రాలీ ఆటో ఎక్కించి మళ్లీ ఆ దున్న దగ్గరికే పంపమనేవాడు. "మన జాతి మనింట్లోనే ఉండాలమ్మాయ్."

మొదటి ఈత బాగానే ఉంది. ఆ తర్వాత చూడి నిలవక తిరిగి పొర్లేది, మళ్లీ మళ్లీ ఎదకొచ్చేది. ఒకసారి నెలలు నిండాక చచ్చిన దూడను ఈనింది. "మీ అమ్మాయి హస్తవాసి అంతేనేమో అన్నయ్యగారూ," అన్నారు మా అత్తగారు, మావయ్య ఎదుటే. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని నేల చూశాడు. నన్ను చూసి సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ఆనాటి నుంచి మా ఇంట్లో చూడి గేదెకు నా చేత దాణా పెట్టించరు.

పెద్దకర్మ భోజనాల్లో పశువుల డాక్టరుగారు నా పక్కన కూర్చున్నారు.

"మీ గేదెని ఈ దున్నకి కట్టించడం మానేసి, చూడికి బయటి సూది వేయించారామ్మా?"

"ఏ సూదండీ?"

ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగింది. "ఆ దున్నలో లోపం దాగుందమ్మా. పైకి కనపడదు. కూతుళ్లలో కొన్నిటికి వస్తుంది. మళ్లీ తండ్రితోనే కట్టిస్తే, రెండు వైపులనుంచీ అదే లోపం అందిన దూడ కడుపులోనే పోతుంది. అన్నీ పోవు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మీ మావయ్యగారికి ఎప్పుడో చెప్పాను. మీకు చెబుతానన్నారు."

దున్న పేరు పోకూడదని నా పేరు పోనిచ్చాడు. నా పిల్లల గురించి అంత ఆలోచించిన మనిషి, నా గురించి ఒక్క మాట చెప్పలేకపోయాడు. అడుగుదామంటే లేడు.

చేతులు కడుక్కుంటుంటే ఒకాయన గేదెను తోలుకొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "దున్న ఉందాండీ? ఇది కూడా దాని కూతురేనండీ." మావయ్య భార్య నా మోచెయ్యి పట్టుకుంది, ఊరుకోమన్నట్టు. నేను ఊరుకోలేదు. డాక్టరుగారు చెప్పిందంతా అందరికీ వినపడేలా చెప్పాను. మా అత్తగారు విస్తరి ముందు తలెత్తకుండా కూర్చున్నారు. గేటు దగ్గరాయన గేదెను వెనక్కి తిప్పుకున్నాడు.

పాకలోకి వెళ్లాను. మావయ్య పోయాక ఎవరూ పట్టించుకోక దున్న కొమ్ములు పొడిబారి ఉన్నాయి. గూట్లో ఆయన నూనె సీసా అలాగే ఉంది. చేతిలో పోసుకున్నాను. అది తల వంచింది.