ఇటుక కాపడం

ఎనభైల చివర్లో మేము ఇల్లందులో ఉండేవాళ్లం. మా ఆయన బొగ్గుబావిలో పనిచేసేవారు. ఒకరోజు డ్యూటీలోనే ఛాతీ పట్టుకుని కూలిపోయారు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం చీలిందని హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది కానీ కాళ్లు పడిపోయాయి. "వెన్నుపాముకు రక్తం అందలేదమ్మా, అరుదుగా ఇలా జరుగుతుంది" అన్నారు డాక్టరు. నేను తలూపాను. ఏడుపు కూడా రాలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం మా అత్తమ్మ బొగ్గుల పొయ్యి మీద ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి, కొడుకు పాదాల కింద పెట్టింది. బావి పనివాళ్ల ఇళ్లలో కాళ్ల నొప్పులకు అదే మందు.

"మీ నాయినకు గిట్లనే పెట్టేదాన్ని. తెల్లారి లేచి డ్యూటీకి పోయెటోడు. ఎట్లుంది బిడ్డా?"

"మంచిగుందమ్మా. హాయిగుంది."

అత్తమ్మ ముఖం విప్పారింది. నాకూ ఎక్కడో ఆశ పుట్టింది. కాసేపటికి ఆయన నావైపు తిరిగారు.

"ఏందో మాడిన వాసనొస్తుంది. పొయ్యి మీద ఏమన్న పెట్టినవా? జల్దీ చూడు పో."

పరుగున వెళ్లాను. పొయ్యి మీద ఏమీ లేదు.

తిరిగొచ్చేసరికి అత్తమ్మ ఇటుక తీసేసి, బొబ్బలెక్కిన ఆ పాదాలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన గోడవైపు చూస్తున్నారు.

ఏళ్లు గడిచాయి. స్నానం చేయించేటప్పుడు నీళ్లు ఎలా ఉన్నాయని నేను ఆయన్ను అడగను. నా చెయ్యే ముంచి చూసుకుంటాను.